తేదీ లేని సాయం, తాకట్టులో సర్టిఫికెట్లు

బీటెక్ నాలుగేళ్లూ పూర్తయ్యాయి. బ్యాక్‌లాగులు లేవు, క్యాంపస్‌లోనే ఉద్యోగమూ వచ్చింది. కంపెనీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మంది. కాలేజీ ఆఫీసుకు వెళ్తే, ‘మీ చివరి రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి రాలేదు. ఆ మొత్తం కట్టి సర్టిఫికెట్లు పట్టుకెళ్లండి, ప్రభుత్వం వేశాక మీ డబ్బు మీకిస్తాం’ అన్నారు. తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టాడు. తెలుగు రాష్ట్రాల్లో ఏ మండలంలో వాకబు చేసినా ఇలాంటి కుటుంబం ఒకటి తగులుతుంది.

ఈ కుటుంబం చేసిన పొరపాటు ఏమీ లేదు. దరఖాస్తు గడువులోగా పెట్టింది, అర్హత ఉంది, మంజూరు కూడా అయింది. ప్రభుత్వం కడతానన్న మాట నిజం. ఎప్పుడు కడుతుందో మాత్రం చెప్పలేదు. మంజూరుకూ చెల్లింపుకూ మధ్య గడిచే ఏడాదో రెండేళ్లో ఎవరో ఒకరు ఆ డబ్బు సర్దాలి. కాగితం మీద ఆ భారం కాలేజీది. ఆచరణలో అది విద్యార్థి మీద పడుతోంది. తనకు తెలియకుండానే అతని పేరున ఒక అప్పు పుడుతోంది, దానికి తాకట్టు అతని సర్టిఫికెట్. కాలేజీ ఖర్చుల గురించీ, చదువుకు దొరికే ఆర్థిక సాయం గురించీ ఏం మాట్లాడుకున్నా ఈ నిజం దగ్గరే మొదలుపెట్టాలి.

ఇంతదాకా ఎలా వచ్చామో కాస్త వెనక్కి వెళ్లి చూడాలి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 1993లో ప్రైవేటు కాలేజీల సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లుగా విడదీసింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఏర్పాటును కొట్టేసింది. ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ కాలేజీలకు ఉందని, అయితే లాభాపేక్ష, క్యాపిటేషన్ కూడదని చెప్పింది. మరుసటి ఏడాది ఇస్లామిక్ అకాడమీ తీర్పుతో రిటైర్డ్ హైకోర్టు న్యాయమూర్తుల అధ్యక్షతన ఫీజు కమిటీలు వచ్చాయి. నేటి తెలంగాణ అడ్మిషన్, ఫీజుల నియంత్రణ కమిటీకీ, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కూ మూలం అదే. కాలేజీ జమాఖర్చులు చూసి మూడేళ్లకోసారి ఫీజు ఖరారు చేయడం వీటి పని.

అంటే ప్రైవేటు కాలేజీలో ఫ్రీ సీటు అనేది 2002తోనే పోయింది. దాని స్థానంలో 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చింది. సీటు ప్రైవేటుదే, ఫీజు ప్రభుత్వానిది అన్న ఏర్పాటు అది. ఇంటర్ తర్వాత పొలం పనికో, హైదరాబాద్‌లో ఏదో చిన్న కొలువుకో వెళ్లాల్సిన పిల్లలు వేలాదిగా ఇంజినీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ తరగతుల్లో కూర్చున్నారు. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ అయిన ఆడపిల్లలు ఎందరో ఈ పథకంతో చదువుకున్నారు. ఈ పథకం వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. దాన్ని ఎత్తేయమని కాదు, చెప్పిన మాట చెప్పిన రోజుకు నిలబెట్టుకోమని అడగాల్సి వస్తోంది.

కాలేజీల సంఖ్య, బడ్జెట్ భారం పెరిగేకొద్దీ పథకానికి కోతలు మొదలయ్యాయి. 2012లో వచ్చిన కోత ఇప్పటికీ తెలంగాణలో కొనసాగుతోంది. దాన్ని కాగితం మీద లెక్క వేసి చూద్దాం. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కుటుంబ ఆదాయం రూ.2 లక్షల లోపు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. ఈఏపీసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తేనే వారికి పూర్తి ఫీజు. గురుకులాల వంటి ప్రభుత్వ సంస్థల్లో చదివి వచ్చినవారికి కొన్ని మినహాయింపులున్నాయి. మిగతావారికి ఏటా రూ.35 వేలే. 2022–25 మూడేళ్ల బ్లాకుకు ప్రభుత్వం నోటిఫై చేసిన కనిష్ఠ ఫీజే రూ.45 వేలు. పేరున్న కాలేజీల్లో అది లక్ష దాటింది, కొన్నింట్లో లక్షన్నర కూడా దాటింది.

15 వేల ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థి రూ.1.20 లక్షల ఫీజున్న కాలేజీలో చేరాడనుకుందాం. ప్రభుత్వ వాటా పోను ఏటా రూ.85 వేలు సొంతంగా కట్టాలి. నాలుగేళ్లకు రూ.3.40 లక్షలు. హాస్టల్‌కు నెలకు రూ.7 వేల చొప్పున ఏడాదిలో పది నెలలు లెక్కేసినా నాలుగేళ్లకు మరో రూ.2.80 లక్షలు. ఇక్కడికే రూ.6.20 లక్షలు. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, ల్యాప్‌టాప్, ప్లేస్‌మెంట్ శిక్షణ పేరిట వసూలు చేసేవి, పండక్కి ఇంటికొచ్చే బస్సు చార్జీలు ఇందులో లేవు. ఆ ఇంటి ఏడాది ఆదాయం రూ.2 లక్షల లోపేనని ధ్రువపత్రం ఇచ్చిందీ ప్రభుత్వమే, ఏటా లక్షన్నర ఖర్చయ్యే సీటు కేటాయించిందీ ప్రభుత్వమే. కౌన్సెలింగ్ సమయంలో ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూపించేవాళ్లు లేరు.

ర్యాంకు నిబంధన నాకు మొదటినుంచీ అన్యాయంగానే తోస్తోంది. 10 వేల లోపు ర్యాంకు తెచ్చుకునేవారిలో ఎక్కువమంది రెండేళ్లు లక్షలు పోసి కార్పొరేట్ కాలేజీల్లో చదివినవారే. జిల్లా కేంద్రంలో ఓ మామూలు జూనియర్ కాలేజీలో చదివి, ఇంటి పనీ చూసుకుని 20 వేల ర్యాంకు తెచ్చుకున్న పిల్ల కష్టం అంతకన్నా తక్కువదేమీ కాదు. పేదరికాన్ని బట్టి ఇవ్వాల్సిన సాయానికి ప్రతిభ కొలమానం జోడించారు. ఆ కొలమానాన్ని మళ్లీ డబ్బే నిర్ణయిస్తోంది. ఇక రూ.35 వేల పరిమితి సంగతి. పెట్టిన నాడు అది దాదాపు కనిష్ఠ ఫీజుతో సమానం. ఫీజులు పెరిగాయి, పరిమితి కదల్లేదు. ఇప్పుడు ఆ మొత్తంతో రాష్ట్రంలోని అతి తక్కువ ఫీజున్న కాలేజీలోనూ పూర్తిగా చదవలేరు.

ఆంధ్రప్రదేశ్ దారి వేరు. 2019 తర్వాత విద్యాదీవెన పేరుతో ర్యాంకుతో నిమిత్తం లేకుండా, రూ.2.5 లక్షల ఆదాయ పరిమితితో పూర్తి ఫీజు ఇస్తామన్నారు. వసతిదీవెన కింద డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏటా రూ.20 వేలు, పాలిటెక్నిక్ వారికి రూ.15 వేలు, ఐటీఐ వారికి రూ.10 వేలు ప్రకటించారు. ఆలోచన మంచిదే. భోజనం, వసతి ఖర్చు కూడా చదువు ఖర్చేనని గుర్తించినందుకు దాన్ని మెచ్చుకోవాలి. అయితే డబ్బు ఎవరి చేతికి చేరాలన్న విషయంలోనే ప్రభుత్వాలు తేల్చుకోలేకపోయాయి. కాలేజీ ఖాతాకు వెళ్లే ఫీజును 2021 నుంచి తల్లుల ఖాతాల్లో వేశారు. అదే ఏడాది హైకోర్టు దాన్ని తప్పుబట్టింది. 2023లో తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా తెరవమన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే నేరుగా ఇస్తామన్నారు. దారి మారిన ప్రతిసారీ కొన్ని విడతలు మధ్యలో చిక్కుకుపోయాయి. ఏ విడత ఎవరు ఇవ్వాలన్న తగువు రెండు పార్టీల మధ్య నడుస్తుంటే, హాల్‌టికెట్ ఆగిపోయిన విద్యార్థి మధ్యలో నలిగాడు.

బకాయిల విషయంలో రెండు రాష్ట్రాలదీ ఒకటే తీరు. తెలంగాణలో వేల కోట్లు పేరుకున్నాయని ప్రైవేటు యాజమాన్యాలు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. 2025 నవంబరులో బకాయిల కోసం కాలేజీలు బంద్‌కు దిగాయి. ప్రభుత్వం కొంత విడుదల చేసి, మరికొంతకు హామీ ఇచ్చాకే తలుపులు తెరిచాయి. యాజమాన్యాల మాటల్లో అతిశయం ఉండొచ్చు. జీతాలివ్వలేక అధ్యాపకుల్ని మానిపించిన చిన్న కాలేజీల ఇబ్బంది మాత్రం నిజమైనదే. నెలల తరబడి జీతం అందని అధ్యాపకుడు చెప్పే పాఠం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సాయం ఆలస్యమైతే విద్యార్థి రెండు వైపులా నష్టపోతాడు. చదువు నాణ్యత పడిపోతుంది, చదివాక సర్టిఫికెట్ చేతికి రాదు.

ఎస్సీ విద్యార్థులకు దీనిలో మరో మెలిక ఉంది. 1944 నుంచి నడుస్తున్న పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకాన్ని కేంద్రం 2020 డిసెంబరులో సవరించింది. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. కేంద్రం తన వాటాను నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తుంది. రాష్ట్రం వాటా కదిలితేనే కేంద్రం వాటా కదులుతుంది. ముందుగా ఏమీ కట్టకుండా కాలేజీలో చేరేందుకు ‘ఫ్రీషిప్ కార్డు’ అనే ఏర్పాటు ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. చేరేటప్పుడు డబ్బు అడిగితే ఆ నిబంధన చూపించి నిలదీయొచ్చన్న సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు. సాంఘిక సంక్షేమ శాఖ అధికారులు దాన్ని గట్టిగా ప్రచారం చేసి ఉండాల్సింది.

మొత్తం ఖర్చు ఎంతో సీటు ఎంచుకునే రోజుకు తెలియకపోవడం మరో సమస్య. 2025–28 బ్లాకుకు తెలంగాణలో కొత్త ఫీజులు సమయానికి ఖరారు కాలేదు. 2025–26కు పాత ఫీజులే కొనసాగుతాయని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. కొన్ని కాలేజీలు హైకోర్టుకెళ్లాయి. వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటున్న కుటుంబానికి తాను చూస్తున్న అంకె మొదటి ఏడాదికేనా, నాలుగేళ్లకూనా అన్నది తెలియని పరిస్థితి. అందుకే ఆప్షన్లు పెట్టేటప్పుడు ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఈ బ్లాకు ఎప్పుడు ముగుస్తుంది, గత బ్లాకు నుంచి ఈ కాలేజీ ఫీజు ఎంత పెరిగింది, బస్సుకు ఎంత, హాస్టల్ తప్పనిసరా అని సీనియర్లను అడిగి తెలుసుకోవాలి. రూ.1.20 లక్షల ఫీజుతో ఊరి నుంచి రోజూ వెళ్లొచ్చే కాలేజీ, రూ.80 వేల ఫీజుతో హాస్టల్లో ఉండాల్సిన కాలేజీ కన్నా చవకే అవుతుంది.

ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. ప్రైవేటు కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం యాజమాన్య కోటా. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే. ‘ముందు మేనేజ్‌మెంట్ సీట్లో చేరండి, స్కాలర్‌షిప్ సంగతి మేం చూసుకుంటాం’ అని చెప్పే ఏజెంట్ల మాట నమ్మి చేరితే నాలుగేళ్లూ పైసా రాదు. కంప్యూటర్ సైన్స్ సీటు కోసం రసీదు లేకుండా డొనేషన్ ఇచ్చే తల్లిదండ్రులు ఇంకో సంగతి గమనించాలి. రసీదు లేని డబ్బుకు బ్యాంకు రుణం రాదు, సీటు వదులుకుంటే వాపసూ రాదు.

ఆదాయ పరిమితుల దగ్గరికి వద్దాం. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్తూ, ఒక్కొక్కరికి రోజుకు రూ.400 చొప్పున నెలకు ఇరవై రోజులే పని దొరికిందనుకుందాం. ఏడాదికి రూ.1.92 లక్షలు. తెలంగాణ పల్లెల్లో బీసీలకు పెట్టిన రూ.1.5 లక్షల గీత దాటిపోయింది. అంటే నిజాయతీగా లెక్క చెప్పిన వ్యవసాయ కూలీ కుటుంబానికి రీయింబర్స్‌మెంట్ రాదు. ఇలాంటి గీత గీశాక తహసీల్దారు కార్యాలయాల్లో జారీ అయ్యే ఆదాయ ధ్రువపత్రాల్లో అంకెలన్నీ దాని కిందే ఆగుతాయి. అర్హులైన పేదలకే అబద్ధం చెప్పక తప్పని స్థితి తెచ్చిపెట్టాం. ఆ అబద్ధం ముసుగులో నిజంగా ఉన్నవాళ్లు కూడా దూరిపోతున్నారు. గీతకు ఇవతల రూ.1.49 లక్షలున్నవారికి సాయం, అవతల రూ.1.51 లక్షలున్నవారికి సున్నా. ఇలాంటి నిబంధనను ఏ లెక్కలోనూ సమర్థించలేం.

దీనికి మందు మన దేశంలోనే ఉంది. ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు ఏడాదికి రూ.2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు పూర్తి మినహాయింపు. ఇతరుల్లో కుటుంబ ఆదాయం రూ.లక్ష లోపైతే పూర్తి మినహాయింపు, లక్ష నుంచి రూ.5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు. నిట్‌లలో ఏడాదికి రూ.1.25 లక్షల ఫీజుకూ ఇదే పద్ధతి. అంటే రూ.3 లక్షల ఆదాయమున్న ఓసీ కుటుంబంలోని పిల్లకు వరంగల్ నిట్‌లో సీటొస్తే ట్యూషన్ ఫీజు రూ.42 వేల లోపే. అదే ఇంటికి అదే ఊళ్లో పేరున్న ప్రైవేటు కాలేజీ ఫీజు దానికి రెట్టింపు పైనే. అంత ఫీజు ఎక్కడ కడతామని ఐఐటీ, నిట్ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ జోలికే వెళ్లని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. బోర్డు మీద రాసిన ఫీజు చూసి వెనక్కి తగ్గకుండా, మినహాయింపులు పోను మన చేతి నుంచి ఎంత పడుతుందో లెక్క వేసుకున్నాకే నిర్ణయించాలి.

రీయింబర్స్‌మెంట్ గీత దాటిన కుటుంబాలకు, అంటే ప్రైవేటు టీచర్లు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు, ఆటో సొంతంగా నడుపుకునేవారు, చిన్న కిరాణా దుకాణదారులకు మిగిలిన దారి బ్యాంకు రుణం. ఇక్కడ లెక్క తెలియక జరిగే నష్టం పెద్దది. ఏటా రూ.1.50 లక్షల చొప్పున నాలుగేళ్లకు రూ.6 లక్షలు, 10.5 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు కాలం, ఆ తర్వాత ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ లెక్క మొదటి రోజు నుంచే నడుస్తుంది. సాధారణ వడ్డీ వేసినా ఆ ఐదేళ్లలో సుమారు రూ.2.20 లక్షలు అవుతుంది. వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ రూ.8.20 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు రూ.11 వేలు. ఏడాదికి మూడు, మూడున్నర లక్షల జీతంతో సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరిన కుర్రాడికి చేతికొచ్చే దానిలో దాదాపు సగం దానికే పోతుంది.

ఈ రూ.2.20 లక్షలు కట్టకుండా తప్పించుకునే దారి ఉంది. కుటుంబ ఆదాయం రూ.4.5 లక్షల లోపు ఉండి, న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపున్న చోట వృత్తి విద్య, సాంకేతిక విద్య చదివితే ఆ విరామ కాలపు వడ్డీని కేంద్రమే భరిస్తుంది. 2009–10 నుంచి ఈ పథకం ఉంది. అప్పుడు అదే రూ.6 లక్షల మీద నెలకు రూ.8,100 కడితే సరిపోతుంది. దీనికి కావాల్సింది సకాలంలో ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం. బ్రాంచిలో రుణం మంజూరైనప్పుడు ఎవరూ ఆ కాగితం అడగరు, వీళ్లూ ఇవ్వరు. మూడేళ్ల తర్వాత తెలిసి వెళ్తే గడువు దాటిందంటారు. రుణ దరఖాస్తుతో పాటే ఆదాయ పత్రం ఇచ్చి, వడ్డీ రాయితీకి నమోదు చేశారో లేదో రాతపూర్వకంగా అడగాలి. చదువు మధ్యలో మానేస్తే ఈ రాయితీ వర్తించదు.

బ్యాంకుల్లో మరికొన్ని మాటలు వినిపిస్తాయి. ‘మీ ఊరు మా సర్వీస్ ఏరియా కాదు’ అనడం ఒకటి. ఆ కారణంతో విద్యా రుణం నిరాకరించవద్దని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ‘పొలం పాస్‌బుక్ పెట్టండి’ అనడం ఇంకొకటి. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం రూ.4 లక్షల దాకా హామీదారూ అక్కర్లేదు, ఆస్తీ అక్కర్లేదు. తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. రూ.7.5 లక్షల దాకా కేంద్ర హామీ నిధి ఎగవేతలో 75 శాతం భరిస్తుంది. 2015 ఆగస్టు 15న మొదలైన విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఒకే దరఖాస్తుతో మూడు బ్యాంకులను అడగొచ్చు. నోటిమాటతో కాదన్నవారు పోర్టల్‌లో కారణం రాయాల్సి వస్తే కాస్త ఆలోచిస్తారు. కాబట్టి బ్రాంచికి వెళ్లే ముందే పోర్టల్‌లో దరఖాస్తు పెట్టడం మేలు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి దీనికన్నా ఒక అడుగు ముందుకేసింది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో ప్రతిభ ఆధారంగా సీటు తెచ్చుకున్నవారికి హామీదారు, ఆస్తి తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం రూ.8 లక్షల దాకా ఉన్నవారికి, రూ.10 లక్షల లోపు రుణం మీద విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు, వడ్డీ రాయితీలు పొందేవారికి ఇది వర్తించదు. మొదట ప్రకటించిన సంస్థలు 860. ఐఐటీలు, నిట్‌లు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, జాతీయ ర్యాంకింగుల్లో పైనున్న సంస్థలు అందులో ఉంటాయి. మన జిల్లాల్లోని మామూలు ఇంజినీరింగ్ కాలేజీకి అందులో చోటు దొరకడం అరుదు. సాయం అవసరమైన పిల్లల్లో ఎక్కువమంది చదువుతున్నది మాత్రం అక్కడే.

అంతగా ప్రచారంలో లేనివి మరో రెండు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఇంజినీరింగ్, డిప్లొమా చదివే ఆడపిల్లలకు ఏటా రూ.50 వేలు ఇస్తారు. ఆదాయ పరిమితి రూ.8 లక్షలు, ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లల దాకా అవకాశం ఉంది. ఇంటర్ బోర్డు పరీక్షల్లో తమ గ్రూపులో మొదటి 20 శాతంలో నిలిచి, రూ.4.5 లక్షల లోపు ఆదాయమున్నవారికి కేంద్ర స్కాలర్‌షిప్ కింద మొదటి మూడేళ్లు ఏటా రూ.12 వేలు వస్తాయి. ఇతర స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవారు దీనికి అనర్హులు. రెండింటికీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేసుకోవాలి. రాష్ట్ర రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయం ఎక్కువైందని నిరాశపడ్డ కుటుంబాలు తప్పక చూడాల్సినవి ఇవి.

దరఖాస్తులు తిరస్కారానికి గురయ్యేది పెద్ద కారణాలతో కాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంతో ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఒకచోట పుట్టిన తేదీ, మరోచోట పుట్టిన ఏడాది మాత్రమే ఉంటుంది. తెలంగాణలో ఈ-పాస్ పోర్టల్‌లో దరఖాస్తు నింపాక మీసేవలో వేలిముద్ర వేయాలి. పేరు సరిపోలకపోతే అక్కడే ఆగిపోతుంది. ఆధార్‌లో పేరు మార్పించడానికి వారాలు పడుతుంది, ఈలోగా గడువు దగ్గరపడుతుంది. బ్యాంకులో ఆధార్ నకలు ఇచ్చినంత మాత్రాన సరిపోదు. ప్రభుత్వ సొమ్ము జమయ్యేలా ఖాతాను ఎన్‌పీసీఐతో మ్యాపింగ్ చేయించాలి. రెండు మూడు ఖాతాలున్నవారి డబ్బు చివరిగా మ్యాపింగ్ అయిన ఖాతాకు, అంటే ఎప్పుడో తెరిచి మరిచిపోయిన దానికి కూడా వెళ్లొచ్చు. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు ముగిసిన వారంలోనే ఈ పనులన్నీ పూర్తిచేసుకుంటే, ర్యాంకులొచ్చేనాటికి ఆదాయ, కుల ధ్రువపత్రాలు మాత్రమే చూసుకోవాల్సి ఉంటుంది.

మొదటి ఏడాది వచ్చింది కదా అని రెండో ఏడాది రెన్యువల్ మరిచిపోయేవారూ ఉన్నారు. ఏటా కొత్తగా పెట్టాలి, 75 శాతం హాజరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయాల్లో వివరాలు సరిచూసుకుని, జ్ఞానభూమి పోర్టల్‌లో దరఖాస్తు స్థితి ఎప్పటికప్పుడు చూస్తూ ఉండాలి. కాలేజీ గుమస్తా మీద భారం వేసి ఊరుకుంటే నష్టం విద్యార్థికే.

సర్టిఫికెట్ల సంగతికి చట్టం వైపు నుంచి అండ లేకపోలేదు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చేరాక సీటు వదులుకున్నవారికి ఫీజు ఎంత వాపసివ్వాలో కూడా అందులో ఉంది. బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపడం కుదరదని హైకోర్టులు పలుమార్లు ఆదేశించాయి. కానీ ఉద్యోగంలో చేరడానికి వారం గడువున్న విద్యార్థి రిట్ వేయడు, అప్పు చేస్తాడు. తాను చెల్లించకపోవడం వల్లే సర్టిఫికెట్ ఆగినప్పుడు ప్రభుత్వం ప్రేక్షకుడిలా చూడకూడదు. జిల్లా కలెక్టరేట్లో ఫిర్యాదు పెట్టిన మూడు రోజుల్లో సర్టిఫికెట్ ఇప్పించే యంత్రాంగం ఒకటి నెలకొల్పడం కష్టమేమీ కాదు.

రెండు ప్రభుత్వాలనూ అడగాల్సినవి మూడున్నాయి. ఇప్పుడు సీటు అలాట్‌మెంట్ ఆర్డర్‌లో చేరేటప్పుడు కట్టాల్సిన ఫీజు మాత్రమే కనిపిస్తుంది. నాలుగేళ్ల మొత్తం ఫీజు, అందులో ప్రభుత్వ వాటా, విద్యార్థి వాటా, ప్రభుత్వ వాటా చెల్లించే తేదీలు కూడా దానిలోనే అచ్చు వేయాలి. ఆ తేదీ దాటితే విద్యార్థికీ ఆ బాకీకీ సంబంధం లేదని అదే కాగితం మీద రాయాలి. ఆలస్యమైన నెలలకు వడ్డీని ప్రభుత్వమే కాలేజీకి చెల్లించాలి, ఆ పద్దు బడ్జెట్‌లో విడిగా కనిపించాలి. ఇక మూడోది, ఒక్క గీతతో ఉన్న ఆదాయ పరిమితిని ఐఐటీల తరహాలో మెట్లుగా మార్చడం. రూ.2 లక్షల దాకా పూర్తిగా, రూ.5 లక్షల దాకా కొంత కొంతగా ఇవ్వొచ్చు. దీనికి డబ్బు కావాలి. ఎంత కావాలో తేల్చడానికి శాసనసభలో చర్చ జరగాలి. రెండోదానికి క్రమశిక్షణ కావాలి. మొదటిదానికి మాత్రం కౌన్సెలింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు గడులు చేరిస్తే చాలు, వచ్చే జూన్ కన్నా ముందే చేయొచ్చు.